నాడీకణాల నుంచి న్యూరోట్రాన్స్‌మిటర్ల విడుదల: చరిత్ర

నాడీకణం తన సంకేతాన్ని పక్క కణానికో, కండరానికో, గ్రంథికో అందించడానికి ఎక్కువగా రసాయనాలనే వాడుకుంటుంది. వీటినే న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. ఇవి నాడి చివర సూక్ష్మమైన తిత్తుల్లో నిలవ ఉంటాయి. విద్యుత్ సంకేతం వచ్చినప్పుడు కాల్షియం లోపలికి చొరబడుతుంది. వెంటనే తిత్తి పొర కణపు పొరతో కలిసిపోయి, లోపలి రసాయనం రెండు కణాల మధ్య ఉన్న సందులోకి పడుతుంది. సంకేతం చేరినప్పటి నుంచి వెయ్యో వంతు సెకను కూడా పట్టదు. వేలు కదిలినా, గుండె నెమ్మదించినా, ఒక పేరు గుర్తుకొచ్చినా దాని వెనుక ఈ చర్యే ఉంటుంది.

నాడి నుంచి కండరానికి సంకేతం అందడానికి కాల్షియం తప్పనిసరి అని 1894 నాటికే గమనించారు. ఆ కాల్షియం పట్టుకునే ప్రోటీన్ ఏదో ఎలుకల మీద రుజువయ్యేసరికి 1994 వచ్చింది. నూరేళ్ల ఈ ఆలస్యానికి కారణం పరిశోధకుల అశ్రద్ధ కాదు. జవాబు ముక్కలుముక్కలుగా చెదిరి ఉంది. ఒక ముక్క విద్యుత్ కొలతలు చేసేవారి దగ్గర, ఒకటి కణంలో సరుకు రవాణా చదివేవారి దగ్గర, ఒకటి ఈగల జన్యువులు చూసేవారి దగ్గర దొరికాయి. అన్నిటికన్నా తిరుగులేని సాక్ష్యం మాత్రం ధనుర్వాత విషం లాంటి ప్రాణాంతక పదార్థాల నుంచి వచ్చింది.

ప్రక్రియ

నాడి చివర ఉన్న తిత్తుల వ్యాసం సుమారు 40 నుంచి 50 నానోమీటర్లు. ఒక్కో దానిలో కొన్ని వేల రసాయన అణువులు పడతాయి. తిత్తులన్నీ ఒకేసారి పనికి రావు. కొన్ని మాత్రమే పొరకు ఆనుకుని సిద్ధంగా ఉంటాయి, మిగిలినవి వెనక నిలవ ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న నాడి చివర లోపలి ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం చాలా తక్కువ. బయట అది దాదాపు పదివేల రెట్లు ఉంటుంది. విద్యుత్ సంకేతం పొరలోని కాల్షియం ద్వారాలను తెరిచినప్పుడు, ద్వారం పక్కనే ఉన్న కొద్దిపాటి జాగాలో మాత్రమే గాఢత ఒక్కసారిగా పెరిగి అంతలోనే తగ్గిపోతుంది. వేగం, కచ్చితత్వం రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

రెండు కొవ్వు పొరలను దగ్గరికి తెస్తే అవి వాటంతటవి కలవవు. మధ్యనున్న నీరు, పొరల మీది విద్యుదావేశం వాటిని ఎడంగా ఉంచుతాయి. ఆ అడ్డును దాటే బలాన్ని స్నేర్ అనే ప్రోటీన్ల కుటుంబం ఇస్తుంది. తిత్తి మీద సినాప్టోబ్రెవిన్ ఉంటుంది, కణపు పొర మీద సింటాక్సిన్, స్నాప్-25 ఉంటాయి. స్నాప్-25 నుంచి రెండు పోగులు, మిగతా రెంటి నుంచి ఒక్కొక్కటి కలిసి, నాలుగు పోగుల తాడు పేనినట్టు ఒక కొస నుంచి మరో కొసకు మెలిపడతాయి. ఆ మెలికే రెండు పొరలనూ దగ్గరికి లాగుతుంది. మెలిక పూర్తయ్యేలోపు దాన్ని సిద్ధస్థితిలో ఉంచడంలో కాంప్లెక్సిన్ అనే చిన్న ప్రోటీన్‌కు పాత్ర ఉంది. కాల్షియం వచ్చినప్పుడు పట్టుకుని చివరి తోపు ఇచ్చేది సినాప్టోటాగ్మిన్. మంక్-18, మంక్-13 అనే మరో రెండు ప్రోటీన్లు లేకపోతే అసలు తిత్తులు సిద్ధమే కావు.

పని అయిపోయాక ఆ మెలికను విప్పాలి. అది చాలా గట్టిది, దానంతటది విడిపోదు. ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేసి దాన్ని విప్పుతుంది. తిత్తుల్లో మళ్లీ రసాయనం నింపడానికి కూడా ఏటీపీయే కావాలి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరం, కాలేయం నుంచి వేరుచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. మెదడు ఖర్చుచేసే శక్తిలో పెద్ద వాటా ఈ సంకేతాలు చేతులు మారే నాడీసంధుల దగ్గరే కరిగిపోతుందని వారప్పుడు ఊహించి ఉండరు.

కప్ప గుండె కాలం

లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో కొట్టుకునేలా చేశాడు. శుద్ధమైన నీటికి బదులు కొళాయి నీటితో చేసిన ద్రావణంలోనే ఆ గుండె బాగా ఆడిందని తర్వాత తేలింది. ఆ తేడా కొళాయి నీటిలోని కాల్షియందే అని ఆయన 1883లో ప్రకటించాడు. 1894లో ఎఫ్.ఎస్. లాక్, ద్రావణంలో కాల్షియం లేకపోతే నాడిని ప్రేరేపించినా కండరం కదలదని చూపించాడు. అయితే నాడికి, కండరానికి మధ్య రసాయనం అనే మాటే అప్పటికి లేదు కాబట్టి, ఆ గమనిక ఎటూ చెందకుండా మిగిలిపోయింది.

ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ఒట్టో లోవీ 1921లో ప్రచురించిన ప్రయోగం తెలిసినదే. ఒక కప్ప గుండె నాడిని ప్రేరేపించి నెమ్మదింపజేశాడు. ఆ గుండె మునిగిన ద్రవాన్ని మరో గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. ప్రయోగం తనకు కలలో తట్టిందని లోవీ చెప్పుకునేవాడు. కల సంగతి ఎలా ఉన్నా, నాడి చివర నుంచి ఏదో పదార్థం బయటికి వస్తుందన్న మాట నిలబడింది. అది అసిటైల్‌కోలిన్ అని తేల్చడంలో హెన్రీ డేల్ బృందానిది పెద్ద పాత్ర. లోవీ, డేల్‌లకు 1936లో నోబెల్ వచ్చింది. రెండేళ్లకే నాజీలు లోవీని జైల్లో పెట్టి, బహుమతి సొమ్మును లాక్కుని దేశం దాటనిచ్చారు. మరోవైపు, వేగంగా జరిగే సంకేతాలన్నీ విద్యుత్తే అని వాదించే పక్షం గట్టిగానే ఉండేది. దాని నాయకుడైన జాన్ ఎకెల్స్ 1951 వరకు పట్టు వదల్లేదు.

కాట్జ్, పొట్లాల లెక్క

అసలు మలుపు బెర్నార్డ్ కాట్జ్‌తో వచ్చింది. లైప్‌జిగ్‌లో పుట్టిన కాట్జ్ యూదుడు. 1935లో జర్మనీ వదిలి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఏ.వీ. హిల్ దగ్గర చేరాడు. పాల్ ఫాట్‌తో కలిసి కప్ప కండరంలో సన్నని గాజు ఎలక్ట్రోడ్ గుచ్చి చూస్తుండగా, నాడిని ఎవరూ ప్రేరేపించకుండానే అర మిల్లీవోల్టు స్థాయి చిన్న ఎగుడుదిగుళ్లు వస్తూ పోతూ కనిపించాయి. యంత్రం చప్పుడని కొట్టిపారేయడం తేలిక. వాళ్లు అలా చేయలేదు. నాడి తగిలే చోట మాత్రమే అవి కనిపిస్తున్నాయని, అసిటైల్‌కోలిన్ పనిని ఆపే క్యురారే మందు వేస్తే తగ్గిపోతున్నాయని గమనించి, 1952లో ప్రచురించారు.

తర్వాత జోస్ దెల్ కాస్టిల్లోతో కలిసి కాట్జ్ చేసిన పని ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా అందమైనదిగా కనిపిస్తుంది. ద్రావణంలో కాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచి, నాడి స్పందనను బాగా చిన్నది చేశారు. అప్పుడు నాడిని ప్రేరేపిస్తే వచ్చే స్పందన ఏ పరిమాణంలో పడితే ఆ పరిమాణంలో రాలేదు. ఒక్కోసారి ఏమీ లేదు, ఒక్కోసారి ఆ చిన్న ఎగుడుదిగుడంత, ఒక్కోసారి దానికి రెండింతలు, మూడింతలు. ఏది ఎన్నిసార్లు వస్తుందో సంభావ్యతా గణితం ముందుగా చెప్పిన లెక్కతో సరిపోయింది. అంటే నాడి రసాయనాన్ని ధారగా పోయడం లేదు, ఒకే పరిమాణం గల పొట్లాలుగా విసురుతోంది. 1954లో ఈ మాట అనేటప్పటికి ఆ పొట్లాలను కంటితో చూసినవారు లేరు. దాదాపు అదే సమయంలో జార్జ్ పాలాడ్, శాన్‌ఫర్డ్ పాలే ఒకవైపు, ఎడ్వర్డో డి రాబర్టిస్, హెచ్. స్టాన్లీ బెన్నెట్ మరోవైపు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద నాడి చివర గుండ్రని తిత్తులను చూశారు.

మెగ్నీషియం కాల్షియానికి అడ్డుపడుతుందన్న ఆ పరిజ్ఞానం ఇప్పుడు మన ప్రసూతి వార్డుల్లో రోజూ పనికొస్తోంది. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తున్నప్పుడు నర్సు మోకాలి చిప్ప కింద తట్టి కాలు ఎగురుతుందో లేదో చూస్తుంది. ఎగరకపోతే మెగ్నీషియం మోతాదు మించి, నాడి చివర కాల్షియం దారి మూసుకుపోతోందన్నమాట. అందుకే పక్కనే కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉంచుతారు.

కాట్జ్, మెక్సికో శాస్త్రవేత్త రికార్డో మిలెడి కలిసి 1960లలో కాలాన్ని కొలిచారు. కాల్షియం లేని ద్రవంలో కప్ప నాడిని ఉంచి, సన్నని గొట్టంతో నాడి చివర మీద కాల్షియం చుక్క విడిచారు. విద్యుత్ ప్రేరణకు కాస్త ముందు విడిస్తే రసాయనం విడుదలైంది, ప్రేరణ ముగిశాక విడిస్తే లేదు. 1967లో ఫ్రెడరిక్ డాడ్జ్, రామి రహామిమాఫ్ మరో వింత చూపించారు. కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు దాన్ని సగానికి తగ్గిస్తే విడుదల సగం కాదు, సుమారు పదహారో వంతుకు పడిపోతోంది. ఒక తిత్తి తెరుచుకోవాలంటే నాలుగు కాల్షియం అయాన్లు కలిసి పనిచేయాలని దీని నుంచి ఊహించారు. పట్టుకునేది ఎవరో తెలియకముందే ఎన్ని చేతులు కావాలో తెలిసిందన్నమాట. కాట్జ్‌కు 1970లో నోబెల్ అందింది.

తిత్తి తెరుచుకోవడం చూసినవారు

పొట్లాల లెక్క కుదిరింది సరే, తిత్తి నిజంగా పొరతో కలుస్తోందా? రసాయనం తిత్తిలోంచి కాక, కణద్రవంలోంచి నేరుగా బయటికి వస్తుందని వాదించినవారు 1980ల దాకా ఉన్నారు. దీనికి సూటైన జవాబు జాన్ హ్యూజర్, థామస్ రీస్ బృందం 1979లో ఇచ్చింది. ద్రవ హీలియంతో చల్లబరిచిన రాగి దిమ్మె మీదకు కప్ప కండరాన్ని పడేసే యంత్రం కట్టారు. పడే లోపు, కొన్ని మిల్లీసెకన్ల ముందు, నాడికి విద్యుత్ ప్రేరణ ఇచ్చారు. దిమ్మెకు తగలగానే కణజాలం ఉన్నది ఉన్నట్టుగా గడ్డకట్టింది. మైక్రోస్కోప్‌లో పొర మీద తిత్తులు తెరుచుకున్న గుంటలు కనిపించాయి. వాటి లెక్క, విద్యుత్ కొలతలు చెప్పిన పొట్లాల లెక్కతో సరిపోయింది. వాడిన తిత్తుల పొరను కణం వెనక్కి లాక్కుని మళ్లీ వాడుకుంటుందని 1973లోనే వీళ్లిద్దరూ చూపించి ఉన్నారు. అదే కాలంలో ఇటలీలో బ్రూనో చెకరెల్లి, తిత్తి పూర్తిగా కలవకుండా ఒక్క క్షణం నోరు తెరిచి మూసుకునే దారి కూడా ఉందని అన్నాడు. ఆ వాదం ఇంకా పూర్తిగా తేలలేదు.

బొంబాయి ఈగలు

భారతదేశపు వాటా ఇక్కడ మొదలవుతుంది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో అణుజీవశాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన ఒబైద్ సిద్దీఖీ, కాలిఫోర్నియాలో సీమోర్ బెంజర్‌తో కలిసి పండ్ల ఈగల్లో వేడికి పడిపోయే జాతులను వెతికాడు. 1976లో వారు ప్రచురించిన వాటిలో ‘కోమటోస్’ ఒకటి. వేడి తగిలితే పక్షవాతం వచ్చినట్టు పడిపోయి, చల్లబడ్డాక కూడా చాలాసేపు లేవని ఈగ ఇది. ఇందులో చెడింది ఏ జన్యువో అప్పుడు తెలియదు. 1995లో అమెరికాలో తేలింది, అది ఎన్‌ఎస్‌ఎఫ్ జన్యువు అని. మెలికలు విప్పే ప్రోటీన్ ఆగిపోతే ఎలా ఉంటుందో ఆ ఈగ ఇరవై ఏళ్ల ముందే చూపించింది. ‘షిబిరే’ అనే మరో ఈగలో వాడిన తిత్తులను వెనక్కి తెచ్చుకునే పని ఆగిపోతుంది. దాని మీద టాటా సంస్థలో కె.ఎస్. కృష్ణన్ చేసిన పని, మణి రామస్వామితో కలిసి ఆయన రాసిన పత్రాలు, తిత్తుల పునర్వినియోగాన్ని బతికున్న నాడి చివరల్లో చూసే దారి వేశాయి.

రవాణా చదివేవారు మెదడు దగ్గరికి రావడం

జేమ్స్ రాత్‌మన్‌కు మొదట నాడుల మీద ఆసక్తి లేదు. కణంలో ఒక గది నుంచి మరో గదికి ప్రోటీన్లు తిత్తుల్లో ఎలా వెళ్తాయన్నదే ఆయన ప్రశ్న. 1988లో ఆయన బృందం ఎన్‌ఎస్‌ఎఫ్‌ను శుద్ధిచేసింది. రాండీ షెక్‌మన్ ఈస్ట్‌లో రవాణా చెడిన రకాలను ఏరి పెట్టి ఉన్నాడు. వాటిలో ఒక జన్యువు ఎన్‌ఎస్‌ఎఫ్‌తో సరిపోలింది. ఈస్ట్ అయినా, జంతుకణమైనా యంత్రం ఒక్కటే అని తేలింది. ఎన్‌ఎస్‌ఎఫ్ దేనికి అంటుకుంటుందో చూడడానికి రాత్‌మన్ బృందంలోని థామస్ జోల్నర్ ఆవు మెదడు సారాన్ని వాడాడు. 1993 మార్చిలో ప్రచురించిన ఫలితం అందరినీ నివ్వెరపరిచింది. దొరికిన మూడు ప్రోటీన్లు సినాప్టోబ్రెవిన్, సింటాక్సిన్, స్నాప్-25. రిచర్డ్ షెల్లర్ వంటివారు నాడీసంధుల్లో అప్పటికే గుర్తించి, పని ఏమిటో తెలియక పక్కన పెట్టినవే అవి.

వాటి పని ఏమిటో దాదాపు అదే సమయంలో విషాలు చెప్పాయి. 1992లో పాదువాలో జాంపియెత్రో స్కియావో, చెజారె మోంటెకుక్కో, ధనుర్వాతం తెచ్చే విషం ఒక కత్తెర ప్రోటీన్ అని, అది సినాప్టోబ్రెవిన్‌ను ఒక్కచోట తెంపుతుందని చూపించారు. బోట్యులినం-బి అనే మరో బ్యాక్టీరియా విషం కూడా సరిగ్గా అదే చోట తెంపుతుంది. ఆ మరుసటి ఏడాది రైన్‌హార్డ్ యాన్ బృందం బోట్యులినం-ఏ స్నాప్-25ను తెంపుతుందని తేల్చింది. తెంపినవేమో ఆ మూడింటిలోవే, ఆగినదేమో విడుదల. ఇంతకన్నా బలమైన సాక్ష్యం దొరకడం కష్టం. ధనుర్వాతంలో ఒళ్లు విల్లులా వంగిపోవడం, బోట్యులినంలో ఒళ్లు సడలిపోవడం, రెండూ ఒకే కోత నుంచి రావడం మొదట విచిత్రంగా తోస్తుంది. ధనుర్వాత విషం వెన్నుపాము దాకా పాకి, కండరాన్ని అదుపులో ఉంచే నాడుల నోరు మూస్తుంది. బోట్యులినం కండరం దగ్గరే ఆగుతుంది. ధనుర్వాతం మన పల్లెల్లో పురిటి బిడ్డలను తీసుకుపోయిన రోజులు మరీ పాతవి కావు. తల్లీబిడ్డల్లో ఆ వ్యాధిని భారత్ అదుపులోకి తెచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది 2015లోనే.

కాల్షియం పట్టుకునేది ఎవరన్న ప్రశ్నను డాలస్‌లో థామస్ సూదాఫ్ పట్టాడు. 1990లో సినాప్టోటాగ్మిన్ నిర్మాణాన్ని వెల్లడించాడు. 1994లో ఆ జన్యువు లేని ఎలుకల్లో వేగంగా జరిగే విడుదల పోయి, నెమ్మదిగా జరిగేది మాత్రం మిగిలింది. ఇది కూడా సందేహించేవారికి చాల్లేదు. 2001లో ఆ ప్రోటీన్‌లో ఒకే ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, కాల్షియం మీద దాని పట్టును సుమారు సగానికి తగ్గించారు. విడుదలకు కాల్షియం అవసరం కూడా ఆ మేరకే మారింది. ఈ మధ్యలో 1998లో యాన్, ఆక్సెల్ బ్రుంగర్ బృందాలు నాలుగు పోగుల మెలికను స్ఫటిక చిత్రంగా చూపించాయి.

రాత్‌మన్, షెక్‌మన్, సూదాఫ్‌లకు 2013లో వైద్య నోబెల్ వచ్చింది. ముగ్గురికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల షెల్లర్, యాన్ బయట ఉండిపోయారు. ఈ చరిత్ర చదివినవారికి అది న్యాయంగా తోచదు. షెల్లర్‌కు ఆ ఏడాదే సూదాఫ్‌తో కలిసి లాస్కర్ బహుమతి దక్కింది.

బిలాస్‌పూర్ మైదానంలో

ఛత్తీస్‌గఢ్‌లో రైల్వే కొలువులతో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయం పుస్తకాలకే పరిమితం కాదు. ఇక్కడి వరిచేలల్లో కోతకు ముందే చల్లే తివరా పప్పు, అంటే కేసరి పప్పు, కరువుల్లో అదే తిండిగా తిన్నవారి కాళ్లను చచ్చుపడేస్తుంది. అందులోని విషాన్ని 1964లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ గుర్తించారు. అయితే అది విడుదలను ఆపదు. గ్లుటమేట్ అనే న్యూరోట్రాన్స్‌మిటర్ వేషం వేసి, అందుకునే కణాన్ని అతిగా ప్రేరేపిస్తుంది.

విడుదల యంత్రాన్నే ధ్వంసం చేసేది కట్లపాము. ఈ జాతిని విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన కోరమాండల్ పాముల గ్రంథంలో స్థానిక తెలుగు పేర్లతో వర్ణించాడు. పసుపు పట్టీల కట్లపాముకు ఆయన రాసిన బంగారు పాము అన్న పేరే శాస్త్రంలో బుంగారస్ అయింది. తైవాన్‌లో చాంగ్, లీ 1963లో ఆ ప్రజాతి పాము విషం నుంచి వేరుచేసిన బుంగారోటాక్సిన్లకూ ఆ పేరే వచ్చింది. వీటిలో ఆల్ఫా రకం కండరం వైపు అసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. ఆ గ్రాహకాన్ని వేరుచేసి చదవడానికి శాస్త్రవేత్తలకు అదే సాధనమైంది. బీటా రకం నాడి చివర పొరలోని కొవ్వును కోస్తుంది. తిత్తులు ఖాళీ అయిపోతాయి, ఆఖరికి నాడి చివరే శిథిలమవుతుంది.

నాగుపాము కాటుకు పనికొచ్చే నియోస్టిగ్మిన్ కట్లపాము కాటులో సాధారణంగా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే. ఆ మందు విడుదలైన అసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలుపుతుంది, విడుదలే లేనిచోట నిలిపేదేముంది? విషపు విరుగుడు మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టగలదు గానీ, అప్పటికే చెడిన నాడి చివరలను బాగుచేయలేదు. అవి మళ్లీ పెరగడానికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. అంతవరకు ఊపిరి యంత్రమే పోయాలి. వరిచేలను ఆనుకుని పెరిగిన మోప్కా లాంటి బిలాస్‌పూర్ శివార్లలో వానాకాలం రాత్రి నేల మీద పడుకున్నవారిని ఈ పాము కరిస్తే తరచు నొప్పి, వాపు ఉండవు, గుర్తు కూడా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతూ, మింగలేక, మాట ముద్దగా వస్తుంటే కాటు గుర్తు కోసం వెతుకుతూ గానీ, మంత్రం వేయించడానికి గానీ గంటలు పోగొట్టకండి. విరుగుడు మందు, వెంటిలేటర్ రెండూ ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి.